పొగ సంగతి అడిగిన పెద్దాయనకు, మరికొందరికి

మూడు వారాలుగా నా లారీ గోడు ఎదురుపడ్డవారందరికీ వినిపించాను. కనుక అది బాగుపడిందన్న మాట కూడా అందరి ముందూ చెప్పడమే న్యాయం. ఇవాళ తెల్లవారుజామున తాళం తిప్పితే సెల్ఫ్ (ఇంజిన్‌ను లేపే మోటారు) రెండు చుట్లు తిరిగిందో లేదో ఇంజిన్ అందుకుంది. దగ్గకుండా, ఊగకుండా ఒకే శ్రుతిలో నిలబడింది. క్యాబిన్ దిగి, ఏ పనీ లేకపోయినా కాసేపు పక్కనే నిలబడి ఆ చప్పుడు విన్నాను.

ఇందులో నా ప్రతిభ ఏమీ లేదు. ఉన్న కాస్త ప్రతిభా బండిని మరింత పాడుచేయడానికే ఖర్చయింది. ఆ సంగతి కూడా దాచకుండా చెబుతాను, ఎందుకంటే సాయం చేసినవారు ఎంత చిక్కుముడి విప్పారో తెలియాలంటే ఆ ముడి ఎవరు వేశారో కూడా తెలియాలి.

జబ్బు ఇదీ. రాత్రి ఆపిన బండి పొద్దున లేచేది కాదు. సెల్ఫ్ తిరిగేది, కానీ నీరసంగా. ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగేది) మీది చేతి పంపు ముప్పై నలభైసార్లు కొట్టాక ఎలాగో అందుకునేది. అందుకున్నా స్లో స్పీడులో నిలిచేది కాదు. ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ముల్లు 800 దాకా ఎక్కడం, 500కు జారడం, మళ్లీ ఎక్కడం. ఒక్కోసారి జారినది జారినట్టే ఆగిపోయేది. విచిత్రం ఏమిటంటే రోడ్డెక్కిన తరువాత లాగుడులో పెద్ద లోపం కనిపించేది కాదు.

నేను చేసిన వైద్యం: డీజిల్ ఫిల్టర్లు మార్చాను. తగ్గలేదు. బ్యాటరీలు రెండూ కొత్తవి వేశాను. తగ్గలేదు. ఆగిపోకుండా ఉంటుందని ఐడిలింగ్ స్క్రూ (స్లో స్పీడు ఎంత ఉండాలో సరిచేసేది) తిప్పి స్పీడు పెంచాను. ఇది అన్నిటికన్నా తెలివితక్కువ పని, దాని ఫలితం తరువాత చెబుతాను. ఒక వర్క్‌షాపులో చూపిస్తే బానెట్ కూడా ఎత్తకుండా, ఇంజెక్షన్ పంపు (డీజిల్‌ను ఒత్తిడితో నాజిళ్లకు పంపేది) దించాలి, ఆరు నాజిళ్లూ (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) మార్చాలి అన్నారు. వారి పేరు ఇక్కడ అనవసరం. సరేనని తల ఊపి వచ్చినవాణ్ని నేనే కదా.

ఆ రాత్రి ఫోనులో దొరికారు పెద్దాయన. చేతులు వణుకుతున్నాయని స్పానరు పక్కన పెట్టి ఏళ్లయిన పాత మెకానిక్. నేను మార్చిన సామాన్ల జాబితా అంతా ఓపికగా విని, ఒకే ప్రశ్న వేశారు.

"సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సర్‌లోంచి పొగ వస్తోందా బాబూ? వస్తే ఏ రంగు?"

నా దగ్గర జవాబు లేదు. అన్ని రోజులూ క్యాబిన్‌లో కూర్చుని తాళం తిప్పానే తప్ప వెనక్కి వెళ్లి చూసిన పాపాన పోలేదు. మర్నాడు పక్క లారీ డ్రైవరు తమ్ముణ్ని సెల్ఫ్ కొట్టమని నేను సైలెన్సర్ దగ్గర నిలబడ్డాను. పొగ లేదు. పీలిక కూడా లేదు. ఫోను చేసి చెబితే పెద్దాయన నవ్వారు. "అయితే నాజిళ్లను తిట్టకు. వాటిదాకా డీజిలే రావడం లేదు. తెల్లపొగ వస్తే డీజిల్ వెళ్తోంది, అంటుకోవడం లేదు అని అర్థం. నల్లపొగ వస్తే డీజిల్ ఎక్కువైంది, లేదా గాలి తక్కువైంది. ఏ పొగా లేకపోతే డీజిల్ దారి వెతుక్కో." మూడు వారాలుగా నాకు అర్థం కానిది ఆ నాలుగు మాటల్లో సగం తేలిపోయింది.

అయితే ఆయన ముందు సెల్ఫ్ నీరసం సంగతి చూడమన్నారు. డీజిల్ ఇంజిన్‌కు స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని పదహారో పదిహేడో వంతుకు నొక్కితే పుట్టే వేడే నిప్పు. మామూలుగా ఆ వేడి 500 డిగ్రీలు దాటుతుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరిగితే ఆ వేడి చల్లటి సిలిండరు గోడల్లోకి ఇంకిపోతుంది, నొక్కిన గాలి రింగుల సందుల్లోంచి తప్పించుకుంటుంది. అందుకని ఎలక్ట్రీషియన్ తమ్ముణ్ని పిలిచాను. అతను బ్యాటరీలకు మీటరు పెట్టి, రెండూ కలిపి 25 వోల్టులు దాటి ఉండటం చూసి, "అన్నా, ఇవి బాగానే ఉన్నాయి, బహుశా పాతవీ బాగానే ఉండి ఉంటాయి" అన్నాడు. అప్పుడు నా ముఖం చూడవలసింది. తరువాత మీటరు ఒక తీగ బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ మీద, రెండోది ఇంజిన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాడు. దాదాపు 2 వోల్టులు చూపించింది. అక్కడ అర వోల్టు దాటకూడదట. ఎర్త్ కేబుల్ ఛాసిస్‌కు బిగించిన చోట విప్పితే కింద పచ్చగా చిలుము పట్టి ఉంది. ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించాడు. సెల్ఫ్‌కు ప్రాణం లేచొచ్చింది. పదిహేను సెకన్లకు మించి ఒకే పట్టున కొట్టవద్దని, కొట్టాక రెండు నిమిషాలు దాన్ని చల్లబడనివ్వమని హెచ్చరించి వెళ్లాడు. తమ్ముడూ, నీకు రుణపడి ఉన్నాను.

బండి ఇప్పుడు చురుకుగా తిరుగుతోంది, అయినా లేవదు. మిగిలింది డీజిల్ దారి.

ఇక్కడ మా ఆవిడకు కృతజ్ఞత చెప్పాలి. చెబితే నవ్వుతుంది, అయినా చెబుతాను. పెద్దాయన మరో ప్రశ్న వేశారు: ట్యాంకు నిండుగా ఉన్న మర్నాడు ఎలా లేస్తోంది, అడుగంటినప్పుడు ఎలా లేస్తోంది అని. నాకు గుర్తుంటేనా! డీజిల్ పోయించిన తేదీలన్నీ మా ఆవిడ లెక్కల పుస్తకంలో ఉన్నాయి. నేను ఏ పొద్దున ఎంతసేపు తిట్టుకుంటూ చేతి పంపు కొట్టానో కూడా తనకు గుర్తుంది, నిద్ర చెడింది కాబట్టి. రెండూ పక్కపక్కన పెట్టి చూసి చెప్పింది: ట్యాంకు నింపిన మర్నాడు బండి ఒక్కసారి కూడా మొరాయించలేదు. సగానికి దిగిన తరువాతే గొడవ మొదలవుతోంది. నేను అప్పటిదాకా ఇది కల్తీ డీజిల్ పని అనుకుంటున్నాను.

పెద్దాయనకు ఆ మాట చెప్పగానే, "ఫీడ్ పంపుకూ ట్యాంకుకూ మధ్య ఎక్కడో గాలి పీలుస్తోంది" అన్నారు, బండిని కంటితో చూడకుండానే.

చుక్క డీజిల్ కూడా కారడం లేదు కదా అని వాదించాను. అసలు కిటుకు అక్కడే ఉంది. ఫీడ్ పంపు దాటాక గొట్టంలో ఒత్తిడి ఉంటుంది, అక్కడ చిల్లు పడితే డీజిల్ బయటికి కారుతుంది, తడి కనిపిస్తుంది. పంపుకు ముందు ఉండేది పీల్పు. అక్కడ చిల్లు పడితే, ఇంజిన్ నడిచేటప్పుడు డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి వెళ్తుంది. ఇంజిన్ ఆపాక, ట్యాంకులో మట్టం ఆ చిల్లు కన్నా కిందికి దిగి ఉంటే, గొట్టంలోని డీజిల్ రాత్రంతా మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున సెల్ఫ్ కొడితే పంపుకు అందేది గాలి. డీజిల్‌ను నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. ఇంజెక్షన్ పంపులో డీజిల్‌ను నొక్కే ప్లంజరు ఎంత నొక్కినా మధ్యలో బుడగ కుదించుకుపోతుందే తప్ప నా నాజిల్ తెరుచుకోవడానికి కావలసిన సుమారు 200 బార్ల ఒత్తిడి పుట్టదు. పొగ ఎందుకు లేదో అప్పుడు తెలిసింది.

ఊగుడు కూడా దాని పిల్లే. స్లో స్పీడులో ఒక్కో పోటుకు వెళ్లే డీజిల్ బహు తక్కువ, అందులో చిన్న బుడగ కూడా పెద్ద కోతే. వేగం పడగానే గవర్నరు (ఇంజిన్ వేగాన్ని నిలకడగా ఉంచే భాగం) డీజిల్ పెంచుతుంది, ఈలోగా బుడగ దాటిపోతుంది, వేగం అవసరాన్ని మించి లేస్తుంది, గవర్నరు మళ్లీ కోస్తుంది. మెకానిక్‌లు హంటింగ్ అనేది దీన్నే.

ఊహ సరే, రుజువు కావద్దా? పక్క లారీ తమ్ముడు ఒక పూట తన పని మానుకుని నాతో కూర్చున్నాడు. ట్యాంకు నుంచి వచ్చే గొట్టాన్ని ఫీడ్ పంపు దగ్గర విప్పేసి, శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, పంపు కన్నా ఎత్తున వేలాడదీసి వేరే గొట్టంతో కలిపాం. గాలి తీసి సెల్ఫ్ కొడితే లేచింది. ముల్లు కదలకుండా నిలబడింది! అంటే ఫీడ్ పంపు నుంచి నాజిల్ దాకా అంతా క్షేమం. మళ్లీ పాత గొట్టం తగిలించి, మధ్యలో జానెడు పారదర్శకమైన పైపు పెట్టాం. పంపు పక్కన పెడితే ముత్యాల్లా బుడగలు. అదే పైపు ట్యాంకు పక్కన పెడితే ఒక్క బుడగా లేదు. మధ్యలోని రబ్బరు గొట్టాన్ని వేలితో తడుముకుంటూ వెళ్తే, ఛాసిస్ వంపు దగ్గర క్లిప్పు కొరికిన చోట, గొట్టం అడుగువైపు, వెంట్రుకంత పగులు. దాని చుట్టూ దుమ్ము నల్లగా గడ్డకట్టి ఉంది. ట్యాంకు నిండుగా ఉన్న రాత్రుళ్లు అక్కడ ఊరిన తడికి అంటిన దుమ్ము. వందసార్లు చూసిన మచ్చ అది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానని తమ్ముడు దెప్పాడు, పడ్డాను.

కొత్త గొట్టం, కొత్త క్లిప్పులు, బ్యాంజో బోల్టులకు (డీజిల్ గొట్టాలను బిగించే బోలు బోల్టులు) కొత్త రాగి వాషర్లు. ఫిల్టరు మార్చినప్పుడు నలిగిన పాత వాషర్లే మళ్లీ వేశానని ఒప్పుకుంటే పెద్దాయన ఫోనులోనే నిట్టూర్చారు. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి బుడగలు ఆగేదాకా చేతి పంపు కొట్టి, తరువాత ఇంజెక్షన్ పంపు దగ్గరా అలాగే గాలి తీశాం.

ఇంతా అయ్యాక ఇంజిన్ లేచి 800 మీద కూర్చుంది, దిగనంటుంది. మళ్లీ గుండె జారింది. డీజిల్ పంపులు బాగుచేసే ఆవిడను బతిమాలి తీసుకొచ్చాను. ఆవిడ ఇంజిన్ వేడెక్కనిచ్చి, నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే కాస్త వదులు చేసి బిగిస్తూ విన్నారు. ప్రతి దానికీ ఇంజిన్ ఒకేలా తడబడింది, అంటే ఆరు సిలిండర్లూ సమానంగా పనిచేస్తున్నాయి. అప్పుడు నావైపు తిరిగి, "ఈ స్క్రూ ఎవరు తిప్పారండీ?" అన్నారు. నేనే. దాన్ని యథాస్థానానికి తెచ్చి, 600 దగ్గర నిలిపి, "పంపు విప్పవలసిన పని లేదు" అని చెప్పి వెళ్లిపోయారు. పంపు దించమంటే ఆవిడకు వారం పని దొరికేది. ఆ మాటకు నమస్కారం తప్ప ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఎవరైనా ఇది చదివి నట్లు వదులు చేయబోతే ఒక్క మాట. నాది పాతకాలపు పంపు బండి. కామన్ రైల్ బండికి (అన్ని నాజిళ్లకూ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి డీజిల్ అందే రకం) ఆ పని చేయకండి. అందులో స్లో స్పీడులోనే కొన్ని వందల బార్ల ఒత్తిడి ఉంటుంది, లోడులో 1600 దాటవచ్చు. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిపోటులా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన గాయం. ఇంకొకటి, గాలి గొట్టంలో ఈథర్ (ఇట్టే అంటుకునే ద్రవం) కొట్టమని ఒకరు మంచి మనసుతోనే సలహా ఇచ్చారు. నేను ఆ మాట అంటే పెద్దాయన మొదటిసారి గొంతు పెంచారు. గాలి దారిలో హీటరు ఉన్న బండికి అది కొడితే అక్కడే అంటుకుంటుంది. నా బండికి హీటరు ఉంది.

ఇవాళ పొద్దున బండి లేవగానే పెద్దాయనకు ఫోను చేసి, ఇంజిన్ పక్కన పట్టుకున్నాను. ఒక నిమిషం విన్నారు. "ఫ్యాను బెల్టు కూస్తోంది, చూసుకో" అని పెట్టేశారు. ధన్యవాదాలు చెప్పే అవకాశం ఇవ్వలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను అన్యాయంగా తీసేసిన పాత బ్యాటరీలు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. అవసరమైనవారు వచ్చి తీసుకెళ్లండి.