సంచుల్లో వచ్చిన మూడు పగడాలు

ప్లానో, టెక్సస్,
అక్టోబరు 5.

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమందరం క్షేమం. మీరూ అమ్మా, అన్నయ్యావాళ్ళూ క్షేమమని తలుస్తాను.

పోయిన ఆదివారం ఫోనులో మీరు "రాళ్ళకు 75 డాలర్లు పోశావట, నిజమేనా?" అని అడిగారు. నేను జవాబు మొదలుపెట్టేలోగా అమ్మ ఫోను అందుకుంది, ఆ తరువాత మాట మేనత్త ఇంటి పెళ్ళి మీదికి వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళు మొగల్తూరులో రొయ్యల చెరువు చేసిన మీకు ఈ సంగతి పూర్తిగా చెప్పకపోతే నాకు తోచదు కనుక, తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నేను కొన్నవి పగడాలు. అవి రాళ్ళు కావు, చూడటానికి మొక్కల్లా ఉన్నా మొక్కలూ కావు. అవి జంతువులు. ఒక నోరు, దాని చుట్టూ వేళ్ళలాంటి స్పర్శకాలు ఉన్న చిన్న చిన్న జీవులు ఒకదానినొకటి అంటుకుని గుంపుగా బతుకుతాయి. కొన్ని జాతులు తమ అడుగున సున్నపు గూడు కట్టుకుంటాయి, ఆ గూడే మనకు రాయిలా కనిపిస్తుంది. మన పూర్వులు కూడా వీటిని చెట్లేననుకున్నట్టున్నారు. ప్రవాళమనే మాటకు నిఘంటువులో పగడమనీ, లేత చిగురనీ రెండర్థాలూ ఉన్నాయి. ఐరోపాలో 1720లలో పేసొనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు ఇవి జంతువులని చెబితే అక్కడి పండితులే నమ్మలేదు. కాబట్టి మీరు రాళ్ళన్నందుకు నేనేమీ అనుకోలేదు. అమ్మ మంగళసూత్రాల్లో గుచ్చుకున్న ఎర్ర పగడాలు వీటికి దూరపు బంధువులే గాని, అవి మధ్యధరా సముద్రంలో వెలుతురు సరిగా చొరని చోట పెరిగే జాతివి. ఇక్కడ పగడాలు పండించి పంపుతానని అమ్మ ఆశ పెట్టుకోవద్దని చెప్పండి.

వీటిని పెంచే అద్దాల తొట్టి మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, పదహారంగుళాల ఎత్తు. సుమారు 150 లీటర్లు పడుతుంది. మీరు ఉప్పుటేటి నీరు మోటారుతో తోడుకునేవారు. నాకు సముద్రం 400 కిలోమీటర్ల పైనే దూరం కనుక నీటిని నేనే తయారు చేసుకోవాలి. కుళాయి నీటిలో ఇక్కడ క్రిములు చావడానికి క్లోరమైన్ కలుపుతారు, గొట్టాల నుంచి రాగి కూడా కాస్త దిగవచ్చు. నాచు చావడానికి మైలుతుత్తం కొట్టేటప్పుడు రొయ్య ఉన్న చెరువులో మీరెంత జాగ్రత్తగా కొలిచేవారో గుర్తుందా, పగడాల విషయంలో ఆ భయం ఇంకా ఎక్కువ. అందుకని నీటిని మన ఇళ్ళలో ఉండే ఆర్.ఓ. యంత్రం లాంటి దానిలోనూ, దాని చివర బిగించిన రెసిన్ గొట్టంలోనూ వడగట్టి, అందులో సముద్రపు లవణాల మిశ్రమం కలిపి, ఒక రాత్రంతా తిప్పి ఉంచుతాను. సెలినిటీ, అంటే నీటిలో ఉప్పు, వెయ్యికి 35 పాళ్ళు ఉండాలి, వేడి 25, 26 డిగ్రీల మధ్య ఉండాలి. ఉప్పు కొలిచేది మీ దగ్గరున్న గొట్టంలాంటి రిఫ్రాక్టోమీటరుతోనే. నీరు ఆవిరై తగ్గితే ఉప్పు నీరు పోయకూడదు, మంచినీరే పోయాలి. ఎండాకాలంలో చెరువులో ఉప్పు ఎలా పెరుగుతుందో మీ దగ్గర చూసినవాణ్ణి కనుక ఇది నాకెవరూ చెప్పనక్కరలేకపోయింది.

మే మొదటి వారంలో నీరు నింపాను. అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు తొట్టిలో పేర్చిన రాళ్ళలో స్థిరపడేసరికి జూను చివరికి వచ్చింది. జూలైలో రెండు చిన్న చేపలు వేశాను. అప్పటికి నీరు అద్దంలా ఉంది, నైట్రేటూ ఫాస్ఫేటూ రెండూ సున్నా చూపించేవి. పరీక్షలో నూటికి నూరు వచ్చిన పిల్లవాడిలా ఆ సున్నాలను ఫొటోలు తీసి పెట్టుకున్నాను. పది రోజులు తిరక్కుండా ఇసుక మీద గోధుమరంగు జిగురు తీగలు, వాటి కొసన గాలి బుడగలు పట్టాయి. నీటిలో తిండి ఏమీ లేనప్పుడు మిగతా నాచులు వెనకబడి, డైనోఫ్లాజెల్లేట్లనే మొండి జాతి విజృంభిస్తుందని తరువాత తెలుసుకున్నాను. చెరువు నీటికి రంగు రాకుండా సీడు, అంటే రొయ్య పిల్లల్ని, వెయ్యకూడదని మీరు అన్నయ్యను కోప్పడటం నేను చిన్నప్పుడు గట్టు మీద నిలబడి విన్నాను గాని, అద్దాల తొట్టికి కూడా అది వర్తిస్తుందని నా బుర్రకు తట్టలేదు. ఫాస్ఫేటును పీల్చే గుళికలు తీసేసి, చేపలకు మేత కాస్త పెంచాను. సెప్టెంబరు నాటికి నైట్రేటు 8 పి.పి.ఎం., అంటే పది లక్షల పాళ్ళలో 8, ఫాస్ఫేటు 0.06 దగ్గర నిలబడ్డాయి, ఆ జిగురూ పోయింది. పగడాలు కొనే అర్హత నాకు అప్పుడు వచ్చింది.

ఆల్కలినిటీ, అంటే నీటి క్షారగుణం, గురించి మీరు తప్పక అడుగుతారు. ఇక్కడి వాళ్ళు దానిని జర్మను డిగ్రీల్లో చెబుతారు, ఒక డిగ్రీ మన లెక్కలో 17.9 పి.పి.ఎం. నా తొట్టిలో ఎనిమిదిన్నర డిగ్రీలు, అంటే మీ లెక్కలో ఇంచుమించు 150. కాల్షియం 420. రొయ్య గుల్ల విడిచినప్పుడు మీరు మినరల్స్ చల్లినట్టే, గూడు కట్టే పగడాలు ఎక్కువగా ఉన్న తొట్టిలో రోజూ ఇవన్నీ పోస్తూ ఉండాలి. నావి మూడే, వాటిలోనూ రెండు గూడు కట్టని మెత్తని జాతులు. వారానికి పది శాతం నీరు మారిస్తే సరిపోతోంది. అంకె ఎంత అన్నదానికన్నా అది రోజుకోలా ఊగకుండా ఉండటమే వీటికి ముఖ్యం.

ఇక కొనడం. దుకాణంలో పగడాలను చిన్న ముక్కలుగా అమ్ముతారు. కడియం నర్సరీల్లో గులాబీ కొమ్మ కత్తిరించి కవర్లో నాటినట్టే, పెద్ద పగడం నుంచి ముక్క తుంచి గుండ్రని పింగాణీ బిళ్ళ మీద అతికించి పెంచుతారు. దానిని ఫ్రాగ్ అంటారు, కప్పతో దానికి ఏ సంబంధమూ లేదు. సముద్రంలోంచి కొట్టి తెచ్చినవాటికన్నా ఇలా తొట్టిలోనే పుట్టి పెరిగిన ముక్క మన వెలుతురుకూ నీటికీ త్వరగా అలవాటు పడుతుంది. దుకాణదారు నాకు ఊదా రంగు కొమ్మల జాతి ఒకటి చూపించి ఇది చాలా తేలికన్నాడు. అది తేలిక కాదని నేను అప్పటికే చదివి ఉన్నాను. మీరు సీడు అమ్మే హేచరీకి వెళ్ళినప్పుడు అక్కడివాళ్ళ మాటను ఎంత నమ్మేవారో నేనూ అంతే నమ్మాను. అరగంట సేపు తొట్టి ముందు నిలబడి, తెరుచుకుని ఉన్నవాటినే, అడుగున తెల్లగా తేలనివాటినే ఏరుకున్నాను. జోయాంథిడ్లనే పూలగుత్తి లాంటిది 20 డాలర్లు, పుట్టగొడుగు పగడం 15, ఆస్ట్రేలియా జాతి డంకన్ రెండు తలలది 40.

ఇంటికి తెచ్చిన సంచులను ముందు నీటి మీద తేలవేశాను. మీరు సీడు సంచులను చెరువులో తేలవేసి, లోపలి వేడీ బయటి వేడీ ఒకటయ్యేవరకు ఎవరినీ ముడి విప్పనిచ్చేవారు కాదు. ఆ ఇరవై నిమిషాలూ మీరే పక్కన నిలబడ్డట్టు అనిపించింది. తరువాత ముడి విప్పి, సంచిలో నీరు కొలిస్తే సెలినిటీ 33 ఉంది. అరగంట సేపు కొద్దికొద్దిగా మా నీరు కలుపుతూ వచ్చాను. ఇక్కడ మాత్రం మీ పద్ధతికీ నా పద్ధతికీ తేడా ఉంది. మీరు సీడును సంచి నీటితో సహా చెరువులోకి వదిలేవారు. నేను సంచి నీటిలో ఒక్క చుక్క కూడా తొట్టిలో పడనివ్వను. తెల్లమచ్చల వ్యాధి వచ్చి చెరువు చెరువంతా పోయిన ఏడాది మన ఇల్లు ఎలా ఉండేదో మరచిపోలేదు కనుక, బయటి దుకాణం నీటిని నేను ఏనాటికీ నమ్మలేను.

తరువాత, అంటుకుని వచ్చిన పురుగులు రాలేందుకు మందు నీటి స్నానం. మీరు వాడే అయోడిన్ లాంటిదే, పగడాల కోసం తయారు చేసినది దొరుకుతుంది. ఒక గిన్నెలో తొట్టి నీరు తీసుకుని, సీసా మీద రాసిన మోతాదు ప్రకారం కలిపి, పగడాన్ని పది నిమిషాలు ఉంచి, రబ్బరు బుడ్డి ఉన్న పిచికారీతో సందుసందులోకీ నీరు కొట్టాలి. డంకన్ నుంచి ఏమీ రాలలేదు. పుట్టగొడుగు నుంచి ఒక చిన్న పురుగు రాలింది. జోయాంథిడ్లను ముంచిన గిన్నె అడుగున మాత్రం, ఆ పూరేకులే రాలి పడ్డాయా అనిపించే ముక్కలు మూడు కనిపించాయి. భూతద్దం పెట్టి చూస్తే అవి కదులుతున్నాయి. గుల్ల లేని ఒక రకం సముద్రపు నత్తలవి. జోయాంథిడ్లనే తిని, వాటి రంగునే ఒంటికి తెచ్చుకుంటాయి. దుకాణంలో అరగంట చూసినా కనిపించకపోవడంలో వింత లేదు.

మందు నత్తను చంపుతుంది గాని దాని గుడ్లను ఏమీ చెయ్యదు. బిళ్ళ తిప్పి చూస్తే అడుగున తెల్లని చుట్ట ఒకటి ఉంది. పగడాన్ని చిన్న కత్తితో బిళ్ళ నుంచి ఊడదీసి, పాత బిళ్ళను పారేసి, కొత్త బిళ్ళకు అతికించాను. అతికించే జిగురు మన ఫెవిక్విక్ జాతిదే, కాస్త ముద్దగా ఉంటుంది, నీటిలో కూడా గట్టిపడుతుంది. ఈ పని చేసేటప్పుడు చేతికి తొడుగులూ కళ్ళకు అద్దాలూ తప్పవు. జోయాంథిడ్లలో కొన్నింటి ఒంట్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. హవాయి దీవుల్లో పూర్వం ఈ జాతి జీవిని ఈటె మొనలకు పూసేవారని చెబుతారు, 1971లో అక్కడి విశ్వవిద్యాలయం వారే ఆ విషాన్ని వేరు చేసి చూపించారు. పగడం అంటిన రాయిని వేడినీటిలో వేస్తే ఆ ఆవిరికి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలు కావచ్చు. మీ మనవరాలిని ఆ పూట మీ కోడలు పార్కుకు తీసుకువెళ్ళింది. గిన్నెలూ కత్తీ వంటింటివి కావు, వేరే కొన్నాను. ఈ సంగతి అమ్మకు ముందే చెప్పండి.

పుట్టగొడుగుకు జిగురు పనిచేయదు, బంక వదిలి జారిపోతుంది. దానిని చిన్న రాళ్ళున్న గిన్నెలో వేసి పైన వల కప్పితే, వారం రోజుల్లో తనంతట తానే ఒక రాయిని పట్టుకుంది. మూడింటినీ అసలు తొట్టిలో కాక, 40 లీటర్ల చిన్న తొట్టిలో విడిగా ఉంచాను. గుడ్లు మిగిలి ఉంటే పొదిగి బయటపడతాయి కనుక వారానికొకసారి మళ్ళీ మందు నీటిలో ముంచుతున్నాను. రెండో వారం ఒక పిల్ల నత్త రాలింది. నిన్న మూడోసారి ముంచాను, ఏమీ లేదు. అయినా ఇంకొక వారం ఆగుతాను. చేపల చర్మ రోగపు క్రిములు కూడా బిళ్ళలను పట్టుకుని వస్తాయి కనుక, చేప లేని తొట్టిలో 76 రోజులు ఉంచాలని చాదస్తులు అంటారు. నేనూ ఆ చాదస్తులలో చేరాలా అని ఇంకా తేల్చుకోలేదు. మీరైతే చేరమంటారని తెలుసు.

వీటి ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది, పగడానికి కావలసిన ఆహారంలో ఎక్కువ భాగం అదే వెలుతురు నుంచి వండి పెడుతుంది. అందుకని దీపం ముఖ్యం. కొత్తవాటిని ఒక్కసారిగా పూర్తి వెలుతురులో పెడితే కమిలి తెల్లబోతాయి. సగం వెలుతురుతో మొదలుపెట్టి వారానికి కాస్త కాస్త పెంచుతున్నాను. డంకన్‌కు మాత్రం వారానికి రెండుసార్లు మేత కూడా వేస్తాను, గడ్డకట్టించిన ఆర్టీమియా, ఉప్పునీటిలో పెరిగే చిట్టి రొయ్యలాంటి జీవి. మన హేచరీలవాళ్ళు డబ్బాల్లో తెప్పించుకునే ఆర్టీమియా గుడ్లలో చాలాభాగం ఈ దేశంలోని యూటా రాష్ట్రపు ఉప్పు సరస్సు నుంచే వస్తుంది. ఇన్నాళ్ళూ మన రొయ్య పిల్లలు తిన్నది ఇక్కడి తిండే.

కరెంటు సంగతి కూడా చూసుకున్నాను. 2021 ఫిబ్రవరిలో మంచుకు టెక్సస్‌లో కరెంటు రోజుల తరబడి పోయింది. చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్లకు మీరు జనరేటరు పెట్టుకున్నట్టే, నేను బ్యాటరీ మీద నడిచే గాలి పంపు రెండు తెచ్చి పెట్టుకున్నాను.

హైదరాబాదులో బాబాయిగారి అబ్బాయి తనకూ రెండు ముక్కలు పంపమన్నాడట. వాడికి గట్టిగా చెప్పండి. మన దేశంలో సున్నపు గూడు కట్టే రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో పాటు మొదటి షెడ్యూలులోకి చేరాయి. ఎవరైనా అమ్ముతామన్నా కొనవద్దని, రామేశ్వరం వెళ్ళినప్పుడు ఒడ్డున దొరికిన ముక్కను కూడా సంచిలో వేసుకోవద్దని చెప్పండి.

మీ రిఫ్రాక్టోమీటరు పెట్టెలో సరిచేసుకునే చిన్న స్క్రూడ్రైవరు ఉండాలి. నాది పోయింది. అది దొరికితే డిసెంబరులో వచ్చే అన్నయ్య చేత పంపించండి. ఇక్కడ రాత్రి ఎనిమిదికి దీపం బాగా నీలంగా మారుతుంది, అప్పుడు డంకన్ పూర్తిగా విచ్చుకుని ఉంటుంది. మీకు అది మర్నాడు ఉదయం ఆరున్నర. ఇక్కడి శనివారం ఆ వేళకు ఫోను చేస్తాను, అమ్మను కూడా కళ్ళజోడు పెట్టుకుని కూర్చోమనండి.

పాదాభివందనాలతో,
మీ చిన్నబ్బాయి