తాగునీటి చెరువుతో సినిమా వాన: ఉప ముఖ్యమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉప ముఖ్యమంత్రి, పంచాయతీరాజ్, గ్రామీణ నీటి సరఫరా శాఖల మంత్రి పవన్ కల్యాణ్ గారికి,

నమస్కారం. మా ఊరి తాగునీటి చెరువును సినిమా షూటింగ్ వాళ్లు తోడేసిన విషయం మీద సోమవారం అర్జీల్లో ఇచ్చాం, మండలంలో ఇచ్చాం, రిజిస్టర్ పోస్టులో పైకి పంపాం. చివరికి ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కారమైంది అని. ఎవరి సమస్య ఎక్కడ పరిష్కారమైందో తెలియక, ఇక పదిమందీ చదివేలా రాస్తున్నాను.

మాది ప్రకాశం జిల్లాలో చీమకుర్తి దాటాక వచ్చే మెట్ట ఊరు. సాగర్ కాలువ నీళ్లతో నింపుకునే మంచినీళ్ల చెరువు ఒక్కటే మాకు దిక్కు. వేసవికి ముందు నింపుకుంటే మళ్లీ కాలువ వదిలేదాకా అవే నీళ్లు. ఈ సంగతి మీ శాఖకు కొత్తగా చెప్పక్కర్లేదు.

పోయిన ఏప్రిల్లో సినిమా వాళ్లు వచ్చారు. పెంకుటిళ్లు, చింతచెట్లు, పాత పొగాకు బ్యారన్లు బాగా నచ్చాయన్నారు. మాకూ సంతోషమే. ఊళ్లో సగం మంది గుంపులో నిలబడ్డారు, కూలి ఇచ్చారు, బిర్యానీ పెట్టారు. కాదనను. తీరా చూస్తే వాళ్లు తీయడానికొచ్చింది వాన పాట.

సెట్టు మీద వాన ఎలా కురుస్తుందో మంత్రివర్గంలో మీకంటే బాగా తెలిసినవారు లేరు కాబట్టి వివరాలు అక్కర్లేదు. మా ఊళ్లో కురిసిన వానకు నీళ్లు ఎక్కడివో మాత్రం చెబుతాను. చెరువు కట్ట మీద డీజిల్ ఇంజను పెట్టి, పైపులు దించి, మా తాగునీళ్లు తోడి ట్యాంకర్లు నింపారు. డాన్సర్ల స్టెప్పు కలవలేదని మళ్లీ వాన. హీరో గారి జుట్టు సరిగా తడవలేదని మళ్లీ వాన. ఇంటింటికీ కుళాయి ఇచ్చే జల్ జీవన్ మిషన్ లెక్కలో మనిషికి రోజుకు 55 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకరు ఒక్కటి గుమ్మరిస్తే తొంభై మంది ఒకరోజు వాటా నేలపాలు. అక్కడ వరసకట్టి నిలబడ్డ ట్యాంకర్లు చూస్తే కడుపు తరుక్కుపోయింది.

పక్కనే గ్రానైట్ క్వారీ గుంతల్లో నీళ్లున్నాయి, అవి తెచ్చుకోండయ్యా అన్నాం. ఆ నీళ్లు ఆర్టిస్టుల ఒంటికి పడవట, ఎలర్జీ వస్తుందట. మా చెరువు నీళ్లయితే ఫిల్టర్ చేయకుండానే పనికొస్తాయట. ఇంతకంటే మంచి సర్టిఫికెట్ మా చెరువుకు ఎప్పుడూ రాలేదు.

మా వీధి ముసలామె ఒకావిడ రెండు బిందెలు తెచ్చి ఆ వాన కింద పెట్టింది. "అమ్మా, ఫ్రేములో పడుతున్నావు, పక్కకు జరుగు" అని మైకులో అరిచారు. ఒక కుర్రాడు పరిగెత్తుకొచ్చి, సగం నిండిన బిందెల్లో నీళ్లు వంపేసి, ఖాళీవి తీసుకెళ్లి జనరేటర్ వ్యాను వెనక పెట్టాడు. ఆవిడ ఏమీ అనలేదు. బిందెలు వెతుక్కుని ఇంటికి పోయింది.

వాళ్లు సామాను సర్దుకుని పోయాక కుళాయిల్లో బురద మొదలైంది. నీళ్లు మోటారు పైపు చివరుండే ఫుట్‌వాల్వు కిందికి దిగిపోయి మోటారు గాలి పీల్చుకుంది, కాలిపోయింది. మోటారు బాగుచేయించినా లాగడానికి నీళ్లేవి? బోరు నీళ్లు తాగుదామంటే ఫ్లోరైడు. ఇరవై లీటర్ల క్యాన్లు కొనుక్కుని కాలువ వదిలేదాకా నెట్టుకొచ్చాం. కూలికి పోయి బతికేవాళ్లు క్యాను కొని పిల్లలకు తాగించి, వాళ్లు మాత్రం బోరు నీళ్లే తాగారు. కీళ్ల నొప్పులు ఎందుకొస్తున్నాయో తెలిసి తెలిసీ తాగారు సార్.

సిమెంటు రోడ్డు పగిలింది, బడి గోడకు పూసిన రంగు అలాగే ఉంది. అవి వదిలేస్తున్నా.

అడిగితే ప్రొడక్షన్ మేనేజరు ఒక కాగితం చూపించాడు, పైనుంచి పర్మిషన్ ఉందని. చదివాను. ప్రభుత్వ స్థలంలో షూటింగ్ చేసుకోవచ్చని ఉంది, నీళ్ల మాట ఎక్కడా లేదు. పంచాయతీలో అడిగితే "పైనుంచి వచ్చింది, మా చేతుల్లో ఏముంది" అన్నారు. పైవాళ్లను అడిగితే "చెరువు పంచాయతీది కదా, అక్కడ అడగండి" అన్నారు. అనుమతులన్నీ ఒకేచోట ఇచ్చే సింగిల్ విండో అంటే ఇదే కాబోలు, కిటికీ ఒకటే, అవతల మనిషి లేడు.

డబ్బు సంగతి మరీ విడ్డూరం. గుడికి విరాళమని పెద్దమనుషుల చేతిలో ఏదో పెట్టారట. ఎంతో, ఎవరికో, రసీదు ఉందో లేదో దేవుడికే తెలియాలి. వారం సంతలో ఆకుకూరల గంప పెట్టుకున్నామె దగ్గర కూడా ఆశీలు తీసుకుని చీటీ చింపి ఇస్తారు. కోట్లు పెట్టి సినిమా తీసేవాళ్ల దగ్గర పంచాయతీ సాధారణ నిధికి రూపాయి జమ లేదు.

నిబంధనలు అసలు లేవా అంటే బోలెడున్నాయి. ఒంగోలు గిత్తను కెమెరా ముందుకు తేవాలంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలి. పిల్లాడిని నటింపజేయాలంటే జిల్లా కలెక్టర్ అనుమతి, రోజుకు ఐదు గంటలకు మించకూడదు, వాడి సంపాదనలో కనీసం 20 శాతం బ్యాంకులో వేయాలి. డ్రోన్ ఎగరేయడానికి 2021 నుంచి వేరే రూల్సు. అన్నీ మంచివే. గాల్లో డ్రోనుకు, నేల మీద గిత్తకు రూలుంది, ఊరు తాగే నీళ్లకు లేదా?

మీరు 2024 ఆగస్టు 23న ఒకే రోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టించారు. మా ఊళ్లోనూ జరిగింది, చెయ్యెత్తి మాట్లాడాం. మా చెరువు తోడుకోవడానికి మాత్రం ఆ గ్రామసభను ఎవరూ అడగలేదు.

ఒక్క ఆర్డరు ఇప్పించండి. పల్లెలో కమర్షియల్ షూటింగ్ అంటే గ్రామసభకు చెప్పాలి, పంచాయతీ తీర్మానం ఉండాలి. ఫీజు సాధారణ నిధికే కట్టాలి, రసీదు నోటీసు బోర్డు మీద అంటించాలి. నష్టానికి ముందుగానే డిపాజిట్ కట్టించుకోవాలి. తాగునీటి చెరువు జోలికి అసలు పోకూడదు. ఇది మాత్రం ఎర్ర అక్షరాల్లో రాయించండి. మిగతావి మీ ఇష్టం, చెరువు సంగతి మాత్రం తేల్చండి. సినిమా వాళ్లను రావద్దనడం లేదు. వాళ్ల నీళ్లు వాళ్లు తెచ్చుకోమంటున్నాం.

మొన్న మళ్లీ కారులో ఇద్దరొచ్చి చెరువు కట్ట మీద ఫోటోలు తీసుకుని వెళ్లారు. లొకేషన్ చూసుకుంటున్నారట. వాళ్ల ట్యాంకర్లకంటే ముందు మీ ఆర్డరు రావాలి. రాకపోతే ఊరంతా వెళ్లి కట్ట మీద కూర్చుంటాం, అప్పుడు ఫ్రేములో పడుతున్నామని ఎవరు అరిచినా జరిగేది లేదు.

ఇట్లు,
మంచినీళ్ల చెరువు మీద బతికే ఒక గ్రామస్థుడు,
ప్రకాశం జిల్లా