హైదరాబాద్ ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (విదేశాలకు పనికి వెళ్లేవారి రక్షణ చూసే కేంద్ర ప్రభుత్వ అధికారి) గారికి బహిరంగ లేఖ

అయ్యా,

జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల పల్లెల నుంచి ఇరాక్‌కు పోతున్నవారిలో చాలామంది పని వీసా మీద కాక విజిట్ వీసా మీద ఉత్తర ఇరాక్‌లోని ఎర్బిల్ నగరంలో దిగుతున్నారన్న సంగతి తమకు తెలియనిది కాదు. పదో తరగతి పాసు కానివారు ఉద్యోగానికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (ప్రభుత్వ అనుమతి) తప్పనిసరైన 18 దేశాల్లో ఇరాక్ ఒకటి. ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ఈ-మైగ్రేట్ ద్వారా ఆ అనుమతి పొందినవారికి ఒప్పంద పత్రమూ, ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా రక్షణా ఉంటాయి. విజిట్ వీసా మీద పోయినవారికి ఆ రెండూ ఉండవు. వారెక్కడ పనిచేస్తున్నారో ప్రభుత్వానికి లెక్కా ఉండదు.

ఆ లెక్క ఎందుకు ముఖ్యమో ఇరాక్‌లోని మోసుల్ నగరంలో జరిగినది చెబుతుంది. 2014లో అక్కడ అపహరణకు గురైన 39 మంది భారతీయ కార్మికుల మరణాన్ని ప్రభుత్వం 2018 మార్చిలో గానీ ధ్రువీకరించలేకపోయింది. 2015లో లిబియాలోని సిర్తేలో అపహరణకు గురైన తెలుగు అధ్యాపకులు మరుసటి ఏడాది దాకా విడుదల కాలేదు.

రాయబార కార్యాలయాల హెచ్చరికలు ఎక్కువగా ఇంగ్లీషులోనే వస్తాయి. ఏజెంటు కరపత్రం మాత్రం చక్కని తెలుగులో ఉంటుంది. కాబట్టి ఆ హెచ్చరికలను తెలుగులో గ్రామ పంచాయతీలకు పంపించండి. వెళ్లేవారు పాసుపోర్టు, వీసా నకళ్లు, యజమాని చిరునామా, ఎర్బిల్‌లోని భారత కాన్సులేట్ ఫోను నంబరు ఇంట్లో ఇచ్చి వెళ్లాలనీ, చేరగానే కాన్సులేట్‌లో పేరు నమోదు చేసుకోవాలనీ వాటిలో స్పష్టంగా రాయించండి. విజిట్ వీసాతో పనికి పంపే ఏజెంట్లపై ఫిర్యాదును మండల కేంద్రంలోనే స్వీకరించే ఏర్పాటు చేయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
జగిత్యాల జిల్లా వాసి