ఆ ఎర్రర్ సంగతి

చిన్నా,

బాగానే ఉన్నాను. వేళకే తింటున్నానని అమ్మకు చెప్పు. ఇక్కడ పని మామూలే.

నీ వెబ్ పేజీలో ‘డాలర్ ఈజ్ నాట్ డిఫైన్డ్’ అనే ఎర్రర్ వస్తోందన్నావు. నువ్వు పంపిన ఫొటోలో మాత్రం ‘డేట్‌పికర్ ఈజ్ నాట్ ఎ ఫంక్షన్’ అని ఉంది, డేట్‌పికర్ అంటే తేదీ ఎంచుకునే ఆ క్యాలెండర్. రెండూ ఒకటి కావురా. డాలర్ అంటే జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీకి పొట్టి పేరు, అదే లేదంటే ఆ లైన్ నడిచే సమయానికి జేక్వెరీ ఇంకా రాలేదని. నీకు జేక్వెరీ ఉంది, దానికి అదనంగా అతికే డేట్‌పికర్ ప్లగిన్ లేదు. నా అనుమానం, పైన లేఅవుట్‌లో (పేజీలన్నిటికీ ఉమ్మడి చట్రం) ఒక జేక్వెరీ, దాని వెనక డేట్‌పికర్ ఉన్న జేక్వెరీ యూఐ ఉండి, పేజీ అడుగున ఏదో పార్షియల్ (పేజీలో చేర్చే చిన్న టెంప్లేట్ ముక్క) ఇంకో జేక్వెరీని లాక్కొస్తోంది. ఆ రెండోది డాలర్‌ని ఆక్రమించేస్తుంది. డేట్‌పికర్ మొదటిదానికే అతుక్కుని ఉండిపోతుంది. ఈ ముక్కలు వేర్వేరు ఫైళ్లలో ఉంటాయి కాబట్టి ఒక్క టెంప్లేట్ ఎంత చూసినా దొరకదు. బ్రౌజర్‌లో వ్యూ సోర్స్ తెరిచి జేక్వెరీ రెండుసార్లు ఉందేమో వెతుకు, ఏయే ఫైళ్లు దిగాయో చూపే నెట్‌వర్క్ ట్యాబ్‌లోనూ చూడు.

నాన్న బీపీ మాత్రలు అయిపోకముందే తెచ్చిపెట్టు. అడిగితే ఉన్నాయనే అంటారు, డబ్బా తెరిచి చూడు.

పేజీ రూపానికి బూట్‌స్ట్రాప్ 4 లైబ్రరీ అన్నావు కాబట్టి స్క్రిప్ట్‌ల వరుస ఇదీ: జేక్వెరీ, పాపర్ (బూట్‌స్ట్రాప్‌కి కావలసిన చిన్న లైబ్రరీ), బూట్‌స్ట్రాప్, చివర నీ కోడ్. బూట్‌స్ట్రాప్ బండిల్ ఫైల్ వాడితే పాపర్ అందులోనే ఉంటుంది, విడిగా పెట్టకు. 5కి మారితే జేక్వెరీ అక్కర్లేదు. టూల్‌టిప్ (మౌస్ పెడితే కనిపించే చిన్న వివరణ) పేరు మాత్రం జేక్వెరీ యూఐకీ బూట్‌స్ట్రాప్‌కీ ఒకటే, వెనక వచ్చినదే నిలుస్తుంది.

ఈ స్క్రిప్ట్ ట్యాగ్‌లకు ఎసింక్ అనే మాట తగిలించొద్దు. ఏది ముందు దిగితే అది ముందు నడుస్తుంది, అందుకే ఒకసారి పనిచేసి ఇంకోసారి చెయ్యదు. దాని బదులు డిఫర్ అని పెడితే రాసిన వరుసలోనే నడుస్తాయి. కానీ పేజీలోనే రాసిన స్క్రిప్ట్‌కు డిఫర్ పట్టదు, అది ముందే నడిచేస్తుంది. దాన్ని బయటి ఫైల్‌లోకి మార్చి చివర డిఫర్‌తో పెట్టు. సెట్‌టైమౌట్‌తో నీ కోడ్‌ని అర సెకను ఆపుతానంటే ఒప్పుకోను. ఆఫీసు వైఫైలో నడుస్తుంది, మెట్రోలో ఫోన్ మీద తెరిస్తే మళ్లీ అదే గోల.

ఫొటో పంపింది రాత్రి ఒంటిగంటకి. అలా మేలుకోకురా, పొద్దున్నే అమీర్‌పేటలో రైలు మారాలి కదా. సంక్రాంతికి రానని నేనెప్పుడన్నాను? సెలవు తేలలేదన్నానంతే. పిన్నికి ఆ మాట సరిగ్గా చెప్పు.

రెండో జేక్వెరీ తీసేశాక బ్రౌజర్ దాచుకున్న పాత ఫైళ్లను (క్యాష్) ఖాళీ చేసి చూడు. డేట్‌పికర్ ఇంకా రాకపోతే సోర్స్ మొత్తం పంపు, ఫొటో వద్దు.

అక్క