బెల్టు ఇచ్చారు సరే, హుక్కు దేనికి తగిలించాలి? కర్ణాటక కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఇదే సంగతి కన్నడలో అర్జీలుగా రాసి ఇచ్చాం. రసీదులు వచ్చాయి, జవాబు రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా, పైకెక్కే మా వాళ్లకూ అర్థమయ్యేలా తెలుగులో రాస్తున్నాం. బెంగళూరు చుట్టూ సర్జాపుర, వర్తూరు, యలహంక, దేవనహళ్లి వైపు లేస్తున్న బిల్డింగుల్లో బేల్దారి పని, సెంట్రింగ్, కమ్మీ పని, బయటి పూత పని చేసేవాళ్లలో అనంతపురం, కదిరి, కర్నూలు, పాలమూరు వాళ్లు ఎందరో తమకు తెలియనిది కాదు. చట్టాలూ తెలుసు. కట్టుబడి కార్మికుల 1996 చట్టం, దాని 2006 రాష్ట్ర నిబంధనలు, ఇప్పుడు పనిచోటి భద్రత మీద 2020 కోడ్. వాటిని మళ్లీ ఏకరువు పెట్టం.

మా గోడు ఒక్కటే. ఎత్తులో పనిచేసేవాడికి సేఫ్టీ బెల్టు ఇస్తున్నారు. దాన్ని తగిలించే చోటు మాత్రం ఇవ్వడం లేదు.

ఏటా మార్చి 4న మొదలయ్యే భద్రతా వారోత్సవాల్లో సైటు గేటు ముందు బ్యానరు కడతారు, ప్రతిజ్ఞ చేయిస్తారు, ఫోటో తీస్తారు. ఫోటోలో అందరి ఒంటిమీదా కొత్త బెల్టు మెరుస్తుంటుంది. తమరు ఒక్కసారి ఆ ఫోటోలో హుక్కు ఎక్కడుందో చూడండి. భుజం మీదుగా వేలాడుతూ ఉంటుంది, లేకపోతే వాడి బెల్టు రింగుకే తగిలించి ఉంటుంది. తన నడుముకు తానే కట్టుకున్న తాడు మనిషిని ఎలా కాపాడుతుందో ఆ ఫోటోను మెచ్చుకున్న అధికారులే చెప్పాలి.

పైన జరిగేది వినండి. బయటి గోడకు పూత పెట్టేటప్పుడు పరంజా మీద నిలబడతారు. హుక్కు తగిలించడానికి కళ్లెదుట ఉండేది పరంజా పైపు. ఆ పరంజాను గోడకు కట్టి ఉంచారా? చాలా చోట్ల కింద నాలుగు ఇటుకల మీద నిలబెట్టి, పైన కిటికీ కమ్మీకి బైండింగ్ వైరుతో రెండు చుట్లు చుడతారు. మనిషి జారితే ఆ ఊపుకు పైపు, దాన్ని బిగించిన కప్లర్ నుంచి ఊడొచ్చినా రావచ్చు, మొత్తం పరంజానే వాడి వెంట పడినా పడొచ్చు. సెంట్రింగ్ వాళ్లకైతే పైపు కూడా ఉండదు. స్లాబు అంచున జాకీ ప్రాపుకో (సెంట్రింగ్‌కు ఊతంగా నిలబెట్టే ఇనుప గొట్టం), కాలమ్‌లో పైకి లేచిన కమ్మీకి చుట్టిన 8 ఎం.ఎం. రింగుకో తగిలిస్తారు. ఆ రింగును కట్టింది బైండింగ్ వైరే. అది కమ్మీని చోటు తప్పకుండా పట్టుకోవడానికి ఉన్నది, మనిషిని ఆపడానికి కాదు.

హుక్కు తగిలించినా ఎక్కడ తగిలించారన్నది ముఖ్యం. బెల్టును హుక్కుతో కలిపే తాడును లాన్యార్డ్ అంటారు, దాని పొడవు 2 మీటర్లు మించకూడదు. దానికున్న, కుదుపు తగ్గించే షాక్ అబ్జార్బర్ కుట్లు విప్పుకుంటూ 1.75 మీటర్ల దాకా సాగవచ్చు. వీపు మీద ఆ తాడు తగిలించే డి-రింగు నుంచి పాదాల దాకా ఇంకో మీటరున్నర. కింద ఒక మీటరు ఖాళీ మిగలాలి. కాలి దగ్గర తగిలిస్తే కింద కావలసిన ఎత్తు అంతా కలిపి 6 మీటర్లకు పైనే అవుతుంది. ఒక అంతస్తు ఎత్తు 3 మీటర్లు. అంటే మొదటి స్లాబు అంచున కాలి దగ్గర హుక్కు వేసుకున్నవాడు, తాడు బిగుసుకోకముందే నేలను తాకుతాడు. బెల్టు ఐఎస్ఐ ముద్రదే అయినా, రిజిస్టర్‌లో సంతకం ఉన్నా ఇదే లెక్క. హుక్కు తలకు పైన ఉండాలి. తలకు పైన తగిలించాలంటే అక్కడ ఏదో ఒకటి ఉండాలి కదా అయ్యా!

దీనికి పెద్ద యంత్రాంగమేమీ అక్కర్లేదు. స్లాబు పోసిన మర్నాడే గట్టిపడిన కింది కాలమ్‌లకు యాంకర్ పట్టీ, అంటే హుక్కు తగిలించే గట్టి పట్టీ చుట్టవచ్చు. లేదా రెండు కాలమ్‌ల మధ్య స్టీలు తాడుతో లైఫ్‌లైన్, అంటే హుక్కులు తగిలించే తాడు లాగవచ్చు. లాగేటప్పుడు, తాడు కొసను మడిచి బిగించే క్లాంపుల సంగతి తెలిసినవాడుండాలి. 12 ఎం.ఎం. తాడుకు ప్రతి కొసనా కనీసం మూడు క్లాంపులు, ఒక్కోదాని మధ్య ఏడెనిమిది సెంటీమీటర్ల దూరం, యు-బోల్టు మిగిలిన చిన్న కొస మీద, దిమ్మ భాగం బరువు లాగే తాడు మీద పడాలి. తిరగేసి బిగిస్తే యు-బోల్టు బరువు మోసే తాడునే నలిపేస్తుంది. చాలా సైట్లలో ఒకటి ఇటు, ఒకటి అటు బిగించి ఉంటుంది. ఒకే లైఫ్‌లైన్‌కు ఎందరు తగిలించవచ్చో ఎవరూ రాసిపెట్టరు. ఒకడు పడితే తాడు కిందికి సాగి, పక్కవాళ్లనూ లాగుతుంది.

ఇంకొకటి. ఒంటి హుక్కు లాన్యార్డులే ఎక్కువ ఇస్తారు. పరంజా మీద పక్కకు జరగాలంటే హుక్కు తీయాలి, జరిగాక మళ్లీ వేయాలి. పడేది సరిగ్గా ఆ తీసిన క్షణంలోనే. రెండు హుక్కులదైతే ఒకటి వేసి ఉండగానే రెండోది జరుపుకోవచ్చు. ధరలో తేడా కొంచెమే. ఆ కొంచెమే మిగుల్చుకుంటున్నారు.

పడ్డవాణ్ని బెల్టు ఆపిందనుకుందాం. తరువాత? తొడ పట్టీల్లో కదలకుండా వేలాడేవాడికి రక్తం కాళ్లలో నిలిచిపోయి నిమిషాల్లో స్పృహ తప్పవచ్చు. దించడానికి నిచ్చెన ఎక్కడుంది, తాడు ఎవరి దగ్గరుంది అని అడిగితే, ఫైరింజన్‌కు ఫోన్ చేస్తామంటారు. సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్ గురించి తమకు మేము చెప్పాలా?

తనిఖీలు జరగడం లేదని మేము అనం. జరుగుతాయి. హెల్మెట్లు లెక్కపెడతారు, బెల్టుల బిల్లు చూస్తారు. బెల్టుకు బిల్లుంటుంది, యాంకర్‌కు ఉండదు, కాబట్టి దాన్ని ఎవరూ అడగరు. బెల్టు వేసుకోనివాడికి మాత్రం కూలీలో కోత పడుతుంది. భద్రత కోసం ఇచ్చేదేదైనా కార్మికుడి నుంచి వసూలు చేయకూడదని కోడ్‌లోనే రాసి ఉంది. జరిమానా పేరు పెడితే అది వసూలు కాకుండా పోతుందా?

భద్రతా అధికారి ఉంటే ఇవన్నీ చూసుకుంటాడని అంటారు. పాత చట్టంలో 500 మంది పనివాళ్లుంటేనే భద్రతా అధికారి, కొత్త కోడ్‌లో 250 మంది. ముప్పై అడుగులకు నలభై అడుగుల స్థలంలో నాలుగంతస్తుల పీజీ హాస్టలు కట్టే చోట పదిహేను మంది ఉంటారు. అక్కడ భద్రతా అధికారి, ఇంజనీరు, వాచ్‌మన్ అన్నీ మేస్త్రీయే. 2024 అక్టోబరులో బాబుసాపాళ్యలో కట్టుబడిలో ఉన్న భవనం కూలినప్పుడు పెద్దలంతా వచ్చారు. ఒక్కడు అంచు నుంచి పడితే ఏ పెద్దా రాడు, లోపలి పేజీలో రెండు వాక్యాలు.

ఆడవాళ్ల సంగతి వేరే ఉత్తరమే రాయాలి. ఇటుకలు, కాంక్రీటు తట్ట తలమీద మోసే ఆమెకు హెల్మెట్ పెట్టుకోమంటారు. హెల్మెట్ మీద చుట్టకుదురు నిలవదు, తట్ట నిలవదు. నియమం పాటిస్తే పని సాగదు, పని సాగితే నియమం తప్పుతుంది. సామాను పైకి లాగే హాయిస్టు పెట్టాలి, లేకపోతే తోపుడు బండి ఇవ్వాలి. బూట్లు మగవాళ్ల సైజువే, లోపల గుడ్డలు కుక్కి నడుస్తారు. సిమెంటు పనికి తోలు గ్లవ్స్ ఇస్తారు, అవి తడి పీల్చి సిమెంటును చర్మానికే అంటించి పెడతాయి. రబ్బరువి కావాలి.

మేము కోరేది మళ్లీ చెబుతున్నాం. ప్రతి అంతస్తులో, బెల్టు ఇచ్చేముందే, తలకు పైన హుక్కు తగిలించే చోటు ఉండాలని ఉత్తర్వు ఇవ్వండి. ప్లాను మంజూరులోనే యాంకర్ చోట్లు గీయించండి. రెండు హుక్కుల లాన్యార్డ్ తప్పనిసరి చేయండి. కట్టుబడి ఖర్చులో నూటికి రూపాయి సెస్సుగా మీకు చేరుతోంది కదా, అందులోంచి చిన్న సైట్లకు పట్టీలు ఇప్పించండి, కట్టడం నేర్పించండి. కోతలు ఆపించండి. దయచేసి హుక్కుకు చోటు చూపించండి. ఇంతకన్నా వినయంగా అడగడం మాకు రాదు.

ఇట్లు,
బెంగళూరులోని తెలుగు బేల్దారి, సెంట్రింగ్, పరంజా పనివాళ్లు

తా.క.: సైట్లలో హెచ్చరిక బోర్డులు కన్నడ, ఇంగ్లీషు, హిందీల్లో ఉన్నాయి. తెలుగు లేకపోయినా సర్దుకుంటాం, బొమ్మ గీయించండి చాలు. అయితే ఆ బొమ్మలోని మనిషి హుక్కు కూడా దేనికో ఒకదానికి తగిలించి ఉండేలా చూడండి. ఇప్పుడున్న బొమ్మలో అదీ గాలిలోనే ఉంది.