వానాకాలంలో కొండలు తవ్వనివ్వకండి: విశాఖ కలెక్టరు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విశాఖపట్నం జిల్లా కలెక్టరు గారికి,

నమస్కారం. కొండవాలు లేఅవుట్లకు, గ్రావెల్ తవ్వకాలకు ఇచ్చే అనుమతుల్లో ఒక షరతు చేర్చమని అడగడానికే ఈ ఉత్తరం. జూన్ నుంచి నవంబరు దాకా వాలు మీద పొక్లెయిన్ దిగకూడదు. నవంబరు దాకా ఎందుకంటే, మన తుపానులు అప్పుడే వస్తాయి. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న.

మా వీధికి పైన కొండను కోసిన చోట నిలబడి చూడండి. పైన జానెడు మందాన నల్లబారిన మట్టి, దాన్నిండా వేళ్లు. దాని కింద ఎర్రమట్టి. ఇంకా కింద, చేత్తో నలిపితే పొడయ్యే పుచ్చు రాయి. మన ఎండకీ తేమకీ ఆకూ అలమూ ఇట్టే కుళ్లి కరిగిపోతాయి కాబట్టి నేల సారం చాలావరకు ఆ పై జానెడులోనే ఉంటుంది. పొక్లెయిన్ ముందు ఎత్తిపోసేది దాన్నే. మిగిలిన ఎర్రమట్టి మీద చినుకులు నేరుగా పడితే మట్టి గడ్డలు చిట్లి, సన్నటి బంకమట్టి సందుల్ని పూడ్చేస్తుంది, పైన పెచ్చు కడుతుంది. ఇక నీరు ఇంకదు, జారుతుంది. మొదటి వానకి వేలంత చాళ్లు, తర్వాత గండ్లు. ఆ మట్టంతా మా కల్వర్టులో తేలుతుంది. కార్మికులు పాపం పారలతో తీసి కాలువ గట్టునే పోస్తారు. మళ్లీ వానొస్తే మళ్లీ కాలువలోకే!

మట్టి కోత అనగానే మనవాళ్లకి కొండ మీద చెట్లు నరికి, కాల్చి పోడు సాగు చేసే గిరిజనుడే గుర్తొస్తాడు. నాకిది మింగుడుపడదు. పోడు వల్ల నష్టం లేదనను. బీడు పెట్టే ఏళ్లు తగ్గేకొద్దీ వాలు బోడి అవుతుంది. కానీ వదిలేస్తే అక్కడ మళ్లీ చెట్టు లేస్తుంది, లేఅవుట్ అయిన కొండ మీద లేవదు. అరకు, పాడేరు వైపే చూడండి. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ మానులకే పాకించిన మిరియాలు, కింద రాలిన ఆకు. అక్కడ మట్టి నిలుస్తుంది. అంతే వాలున్న పక్క చేలో అల్లం, పసుపు కోసం ఏటా తవ్వితే నిలవదు. వాన ఒకటే, వాడకం వేరు.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మాట కూడా. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయని సంతోషించాం. అది వదులు ఇసుక, అక్కడి లోయలు నీరు చెక్కినవే. కాబట్టి దిబ్బల చుట్టూ కంచె వేస్తే సరిపోదు. ఎగువన చదును చేస్తే నీటి దారి మారి, కోత ఎటు తిరుగుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. ఎగువ వాలునూ రక్షణ హద్దులో కలపండి.

షరతులో ఇంకో రెండు ముక్కలు. తీసిన పైమట్టిని టార్పాలిన్ కప్పి విడిగా ఉంచి, పని అయ్యాక అక్కడే పరవాలి. వాలు దిగువన మట్టి ఆగే గుంట, అడ్డంగా వట్టివేరు వరసలు లేకుండా తదుపరి అనుమతి ఇవ్వకూడదు. ఖర్చు బిల్డరుదే. ఇప్పుడు ఆ పూడిక తీయడానికి అయ్యే ఖర్చు మా పన్నుల్లోంచే పోతోంది.

ఉత్తర్వు మే నెల దాటకుండా ఇప్పించగలరని మనవి.

ఇట్లు,
కొండ దిగువన ఉండే ఒక విశాఖవాసి