కార్క్ పట్టిన సీసా

చిన్నీ,

నిన్న ఫోన్ పెట్టేశాక చాలాసేపు నీ గురించే ఆలోచించాను. అతిథి బాగాలేదని వెనక్కి పంపిన వైన్‌లో నీకు ఏ తేడా తెలియలేదని, అతిథులకు వైన్ వడ్డించే ఈ పనికి నీ ముక్కు పనికిరాదేమోనని టెన్షన్ పడ్డావు. అలా అనుకోకు తల్లీ. నువ్వు చెప్పినదాన్ని బట్టి అది కార్క్ దోషమే, అంటే సీసా బిరడా వల్ల వైన్‌కు పట్టే దోషం. అందులోనూ పట్టుకోవడం కష్టమైన రకం.

కార్క్‌లో చేరిన బూజు కొన్ని క్లోరిన్ పదార్థాలను టీసీఏ అనే రసాయనంగా మారుస్తుంది. లీటరుకు కొన్ని నానోగ్రాములు చాలు, వైన్ చెడిపోతుంది. ఎక్కువుంటే తడిసిన అట్టపెట్టె వాసన కొడుతుంది, ఎవరైనా పట్టేస్తారు. తక్కువుంటే చెడు వాసనేమీ రాదు, వైన్‌లోని పండ్ల వాసన మాత్రం అణగిపోతుంది. నేను వైన్ నిల్వచేసే సెల్లార్‌లో పనికి చేరిన కొత్తలో ఒకే పెట్టెలోని రెండు సీసాలు పక్కపక్కన పోసి ఇచ్చారు. మొదటి గ్లాసులో చెర్రీ, మిరియాల వాసన గుప్పుమంది. రెండోది చప్పగా, నీళ్లు కలిపినట్టుంది. అదొక్కటే ఇచ్చి ఉంటే వైనే అంత అనుకునేదాన్ని. అందుకే అనుమానమొస్తే అదే వైన్ ఇంకో సీసా తెరువు. మొదటిసారి పీల్చినప్పుడు తోచినదాన్నే నమ్ము, ఆ వాసనకు ముక్కు త్వరగా అలవాటు పడిపోతుంది.

మిగతా దోషాలు ఇంత ఏడిపించవు. వెనిగర్, నెయిల్ పాలిష్ రిమూవర్ వాసనొస్తే బాక్టీరియా పని. కోసి వదిలేసిన ఆపిల్ వాసనొచ్చి, తెల్ల వైన్ గోధుమరంగుకు తిరిగితే గాలి ఎక్కువ తగిలిందన్నమాట. కుళ్లిన గుడ్డు వాసన దీనికి ఎదురు, గాలి చాలక గంధకం వల్ల వస్తుంది. దాన్ని మాత్రం వెంటనే వెనక్కి తీసుకోకు. గ్లాసు బాగా తిప్పి కాసేపు ఆగు. తగ్గకపోతే ఇంకో గ్లాసులో కొంచెం పోసి శుభ్రమైన రాగి ముక్క వేసి చూడు, వాసన పోతే కారణం అదే. ఆ గ్లాసు తాగొద్దు, పారబొయ్యి. గుర్రపుశాల వాసన బ్రెట్ అనే ఈస్ట్‌ది. కొద్దిగా ఉంటే ఇష్టపడేవాళ్లున్నారు, నాకైతే అస్సలు నచ్చదు. ఇక అడుగున మెరిసే పలుకులు గాజుముక్కలు కావు, చల్లదనానికి పేరుకున్న టార్టారిక్ లవణం, ద్రాక్షలోని పులుపు నుంచి వచ్చేదే. అతిథి అడిగితే ధైర్యంగా చెప్పు.

అతిథి వెనక్కి పంపిన ఆ సీసా పారబొయ్యకపోతే మూత బిగించి ఉంచు. రేపు పొద్దున, కాఫీ తాగకముందే, మంచి సీసా పక్కన పెట్టి పీల్చి చూడు. ఏమనిపించిందో నాకు రాయి.

అమ్మ